జోడు గొట్టాల పాత అమెరికన్ తుపాకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది న్యూయార్క్ రాష్ట్రం పై భాగంలో, సిరక్యూస్ దగ్గర. ఇక్కడి నుంచి కారులో రెండు గంటలు తిరిగితే చాలు, ఫుల్టన్, ఇథాకా, బటావియా, యూటికా, ఇలియన్ అన్నీ వచ్చేస్తాయి. ఒకప్పుడు అమెరికాలో మంచి జోడు గొట్టాల తుపాకులు చాలావరకు ఈ చిన్న చిన్న ఊళ్ళలోనే తయారయ్యేవి. నేను వాటిని సేకరిస్తాను, వాటి చరిత్ర వెతుకుతాను. తెలిసినవాళ్ళు ఫోన్‌లోనూ, కలిసినప్పుడూ అడిగేవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒక చోట రాసి పెడుతున్నాను.

"వింత తుపాకులు" అంటారు కదా, అంటే ఏవి?

అమెరికన్ జోడు తుపాకి అనగానే అందరికీ గుర్తొచ్చే పేర్లు నాలుగైదు ఉన్నాయి. కనెక్టికట్‌లోని మెరిడెన్ ఊరి పార్కర్, ఫిలడెల్ఫియా ఏ.హెచ్.ఫాక్స్, ఎల్.సి.స్మిత్, లెఫీవర్, ఇథాకా. ఇవి మంచివే, నా దగ్గరా ఉన్నాయి. కానీ నేను వింత అనేది వేరే రకాన్ని. 1865కి, 1890కి మధ్య, అంటే అంతర్యుద్ధం ముగిసి మూతి నుంచి మందు కూరే పద్ధతి పోయి వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చిన ఆ పాతికేళ్ళలో, తుపాకి ఎలా తెరుచుకోవాలన్నది ఎవరూ తేల్చలేదు. ఒకరు పక్కకి తిప్పమన్నారు, ఒకరు పైకి లేపమన్నారు, ఇంకొకరు ట్రిగ్గర్‌నే ముందుకి తొయ్యమన్నారు. ఆ ప్రయోగాల్లో చాలావరకు పదేళ్ళలోపే ఆగిపోయాయి. అలా ఆగిపోయినవే నాకు ఇష్టం. వీటికి తోడు రెండు గొట్టాల కింద మూడో గొట్టం ఉన్నవి, కొన్నేళ్ళే నడిచి మూతపడ్డ కంపెనీలవి కూడా.

పార్కర్ లాంటి పేరున్నవి వదిలేసి వీటి వెంట పడటం ఎందుకు?

పార్కర్లు 2,42,000 దాకా తయారయ్యాయి. ఏ గ్రేడు ఎంత, ఏ సంవత్సరం ఏది, అన్నీ పుస్తకాలకెక్కాయి. అన్నిటికన్నా పై గ్రేడు ఇన్‌విన్సిబుల్ మూడే చేశారని కూడా తెలుసు. అక్కడ కొత్తగా కనిపెట్టడానికి పెద్దగా మిగల్లేదు. అదే ఒక అమెరికన్ ఆర్మ్స్ కంపెనీ తుపాకో, కింద చెప్పబోయే బేకర్ తుపాకో చేతికి వస్తే దాని మీద ఉన్న ప్రతి అచ్చు అక్షరం మనమే చదువుకోవాలి, ఎందుకలా చేశారో మనమే తేల్చుకోవాలి. నాకు ఆ వెతుకులాటే ముఖ్యం. పైగా ఇవి పార్కర్ ధరలో చాలా తక్కువకే దొరుకుతాయి.

ఏది ఎలా తెరుచుకుంటుందో కాస్త వివరంగా చెప్తారా?

ఇది అడిగితే నాకు పండగే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

ఇప్పుడు మనకి తెలిసిన జోడు తుపాకిలో పైన ఒక మీట ఉంటుంది, బొటనవేలితో కుడివైపు నెడితే గొట్టాలు కిందకి వంగుతాయి. ఇది స్థిరపడటానికి ముందు సంగతి చూడండి. తొలినాళ్ళ పార్కర్‌లో పైన మీట లేదు. కింద, ట్రిగ్గర్ గార్డుకి కాస్త ముందు ఒక బొత్తాం లాంటి ముక్క ఉంటుంది, దాన్ని వేలితో పైకి నొక్కితే లోపల బోల్టు వెనక్కి జరిగి గొట్టాలు వదులవుతాయి. దీన్ని లిఫ్టర్ అంటారు. 1880ల మొదట్లో పై మీట వచ్చాక కూడా కొందరు లిఫ్టరే కావాలని అడిగి చేయించుకున్నారు.

రెమింగ్టన్ వాళ్ళ విట్‌మోర్ రకం 1870ల నాటిది. దానికి పైన మీట ఉంది కానీ పక్కకి నెట్టేది కాదు. రెండు హ్యామర్ల (తూటాని పేల్చే బయటి సుత్తుల) మధ్య ఉన్న ఆ మీటని బొటనవేలితో పైకి లేపాలి. తెలియనివాళ్ళు పక్కకి నెట్టి నెట్టి, తుపాకి పట్టేసింది అనుకుని తక్కువ ధరకి ఇచ్చేయడం నేను చూశాను.

మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఈథన్ ఆలెన్ చేసినదానికి గొట్టాలు అసలు వంగవు. గొట్టాల వెనక ఉన్న దిమ్మె మూతలా పైకి లేస్తుంది, అక్కడ తూటాలు పెట్టి మూసేయడమే. బోస్టన్‌లోని అమెరికన్ ఆర్మ్స్ కంపెనీ జార్జ్ ఫాక్స్ పేటెంటుతో చేసింది ఇంకో దారి. గొట్టాలు కిందకి కాకుండా గడియారం ముల్లులా పక్కకి తిరుగుతాయి. మొదటిసారి చేతిలోకి తీసుకుని తెరిచినప్పుడు విరిగిపోయిందేమో అని గుండె ఆగినంత పనవుతుంది.

అన్నిటిలోకీ నాకు బాగా ఇష్టమైంది డబ్ల్యూ.హెచ్.బేకర్ 1875 పేటెంటు. అందులో తెరవడానికి విడిగా మీటే లేదు. రెండు ట్రిగ్గర్లలో ముందున్నదాన్ని వెనక్కి లాగితే పేలుతుంది, అదే ట్రిగ్గర్‌ని ముందుకి తోస్తే తుపాకి తెరుచుకుంటుంది. నా దగ్గరున్న బేకర్‌ని టేబుల్ మీద తుండుగుడ్డ పరిచి పెట్టుకుని, చూపుడువేలి గోరుతో ఆ ట్రిగ్గర్‌ని ముందుకి నెడితే "టిక్" అని చిన్న చప్పుడు, ఆ వెంటనే గొట్టాల బరువుకి అవే కిందకి జారతాయి. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ చప్పుడులో తేడా లేదు. పేలే మీటకీ తెరిచే మీటకీ ఒకే ముక్క వాడటం ప్రమాదం కాదా అంటే, వాడుకలో నిలబడని కారణాల్లో అదొకటి అయి ఉంటుందని నా అభిప్రాయం. కానీ ఆ ఆలోచన చేసిన మనిషి తెలివికి మాత్రం దణ్ణం పెట్టాలి. ఇదే బేకర్ రెండు గొట్టాల కింద రైఫిల్ గొట్టం పెట్టి మూడు గొట్టాల తుపాకి కూడా చేశాడు, తర్వాత 1883లో ఇథాకా కంపెనీ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు.

ఎల్.సి.స్మిత్ అంటే టైప్‌రైటర్ స్మిత్ కదా?

అవును, ఆయనే. లైమన్ కార్నీలియస్ స్మిత్ సిరక్యూస్‌లో ముందు బేకర్ తుపాకులే తయారు చేయించాడు. తర్వాత అలెగ్జాండర్ టి.బ్రౌన్ అనే ఆయన ఒక తిరిగే బోల్టు కనిపెట్టాడు. రెండు గొట్టాల మధ్య అతికించిన పట్టీని రిబ్బు అంటారు, దాని నుంచి వెనక్కి ఒక కొక్కెం పొడుచుకొస్తుంది, బోల్టు తిరిగి దాన్ని పట్టుకుంటుంది. అరిగేకొద్దీ బోల్టు ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా బిగుతు పోదు. ఇదే బ్రౌన్ స్మిత్ ప్రీమియర్ టైప్‌రైటర్ కూడా కనిపెట్టాడు. స్మిత్‌కి టైప్‌రైటర్లలో లాభం కనిపించింది, తుపాకుల వ్యాపారం హంటర్ సోదరులకి అమ్మేశాడు, 1890 నాటికి అది ఫుల్టన్‌కి వెళ్ళిపోయింది. సియాటిల్‌లో ఉండే మనవాళ్ళు రోజూ చూసే స్మిత్ టవర్, 1914లో పూర్తయినది, ఆ స్మిత్ పేరు మీదే ఉంది.

మా పక్కింటాయన దగ్గర "ఫాక్స్" ఉందట. చాలా విలువైనదా?

ఏ ఫాక్స్ అన్నది ముందు చూడాలి. పేరు చూసి మోసపోయేది ఇక్కడే ఎక్కువ.

పైన చెప్పిన జార్జ్ ఫాక్స్ బోస్టన్ మనిషి, గొట్టాలు పక్కకి తిరిగేది ఆయనది. ఆన్స్‌లీ హెచ్.ఫాక్స్ ఫిలడెల్ఫియా మనిషి, ఆయన కంపెనీ 1900ల మొదటి దశాబ్దంలో మొదలైంది, థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళింది దీన్నే. ఇద్దరికీ ఏ సంబంధం లేదు. ఆ ఫిలడెల్ఫియా కంపెనీని 1929లో శావేజ్ అనే తుపాకుల కంపెనీ కొంది. తర్వాత "ఫాక్స్ మోడల్ బి" అని ఒక చవక తుపాకి వచ్చింది. పేరు తప్ప పాత ఫాక్స్‌కీ దానికీ పోలిక లేదు. పాతకాలపు ఇళ్ళలో దొరికేది ఎక్కువగా ఇదే.

లెఫీవర్ సంగతీ అంతే. డాన్ లెఫీవర్ చేసిన సిరక్యూస్ లెఫీవర్ వేరు, 1916లో ఆ కంపెనీని ఇథాకా కొన్న తర్వాత ఆ పేరుతో వచ్చిన "నైట్రో స్పెషల్" వేరు. రెండోది గట్టి పనిముట్టే, కానీ సేకరించేవాళ్ళు వెతికేది మొదటిదాన్ని.

ఇక బెల్జియం నుంచి ఓడల్లో దిగిన చవక తుపాకుల మీద ఇంగ్లండు పెద్ద పేర్లని పోలిన పేర్లు కొట్టేవాళ్ళు. వెస్ట్‌లీ రిచర్డ్స్ బదులు "డబ్ల్యూ.రిచర్డ్స్" అని, మ్యాంటన్ పేరుతో "జె.మ్యాంటన్ అండ్ కో" అని. కనెక్టికట్‌లోని నార్విచ్‌లో క్రెసెంట్ కంపెనీ అయితే హార్డ్‌వేర్ దుకాణాల కోసం ఒకే తుపాకిని వంద పైన పేర్లతో చేసింది. ఏ పుస్తకంలోనూ లేని పేరు కనిపిస్తే అరుదైనదని సంబరపడకండి, ముందు క్రెసెంట్ అయి ఉంటుందేమో చూడండి.

గొట్టాల మీద నీళ్ళ అలల్లా గీతలున్నాయి, డమాస్కస్ అన్నారు. అంటే మన కోనసముద్రం ఉక్కేనా?

తెలుగువాళ్ళు మాత్రమే అడిగే ప్రశ్న ఇది, అడిగినందుకు నాకు చాలా సంతోషం. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది, డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చింది ఆ రకం ఉక్కే. మన "ఉక్కు" మాట నుంచే ఇంగ్లిషులోకి వూట్జ్ అనే మాట వెళ్ళిందంటారు. ఆ కత్తుల మీది అలలు లోహం చల్లారేటప్పుడు లోపల దానంతటదే ఏర్పడ్డవి.

తుపాకి గొట్టాల మీది అలలు అలా వచ్చినవి కావు. ఇనుము, ఉక్కు కడ్డీలని ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, కొట్టి అతికిస్తారు. ఆ కడ్డీని తాడులా మెలిపెడతారు. అలాంటివి రెండో మూడో పక్కపక్కన అతికించి బద్దీగా చేసి, ఒక ఇనప కడ్డీ చుట్టూ జడ చుట్టినట్టు చుట్టుకుంటూ పోయి, మళ్ళీ కాల్చి కొడితే గొట్టం అవుతుంది. పైన ఆమ్లంతో తడిపితే ఇనుము ఒక రంగు, ఉక్కు ఒక రంగు తేలుతాయి. పేరు ఒకటే, పద్ధతి వేరు. అమెరికన్ తుపాకుల మీది డమాస్కస్ గొట్టాలు చాలావరకు బెల్జియంలోని లియేజ్ ప్రాంతం నుంచి తెప్పించినవే, పార్కర్ వాళ్ళు మాత్రం కొన్ని సొంతంగానూ చేసుకున్నారు. 1914లో జర్మన్ సైన్యం అటు నుంచే బెల్జియంలోకి దిగాక ఆ పని దాదాపు ఆగిపోయింది.

ఒక్క జాగ్రత్త. మామూలు ఉక్కు గొట్టం మీద ఆమ్లంతో డమాస్కస్ బొమ్మ అచ్చు వేసిన చవకవి కూడా ఉన్నాయి. గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క ఉంటుంది, ముందు చెక్క అంటాం, దాన్ని విప్పి దాని కింద గొట్టాన్ని చూడండి, అతుకుల దగ్గర చూడండి. గీతలు అక్కడితో ఆగిపోతే అది అచ్చు వేసినదే.

మరి వీటితో కాల్చొచ్చా?

నా సలహా: మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. ఇందులో రెండు వేరే సమస్యలున్నాయి, జనం కలిపేస్తుంటారు.

మొదటిది మందు. 1890ల దాకా వాడింది పొగ వచ్చే పాత బ్లాక్ పౌడర్. పొగ రాని కొత్త మందు ఒత్తిడి పెంచే తీరు వేరు. ఆ మార్పుకి ముందు చేసిన గొట్టం ఇప్పటి దుకాణం తూటాలకి చేసింది కాదు. అతుకుల మధ్య లోపల తుప్పు పట్టి ఉంటే పైకి కనపడదు.

రెండోది చాంబర్, అంటే తూటా కూర్చునే గది. ఇప్పటి 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం బోలు కొలత) తూటా పేలి విచ్చుకున్నాక రెండుముప్పావు అంగుళాలు. పాత 12 గేజ్ చాంబర్లు చాలావాటికి రెండున్నర అంగుళాల పైన కొంచెమే. పాత 16 గేజ్, 20 గేజ్‌లు కూడా ఇలా పొట్టివే. పేలకముందు తూటా మడత పెట్టి ఉంటుంది కాబట్టి హాయిగా పట్టేస్తుంది, పేలాక విచ్చుకునే చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. "పట్టింది కదా" అనేది కొలత కాదు. పాత జోడు తుపాకుల పని తెలిసిన గన్‌స్మిత్ చేత చాంబర్ పొడుగు, గొట్టం గోడ మందం కొలిపించాకే ఆ మాట. నేను నా వింత తుపాకుల్లో ఒక్కదానితోనూ కాల్చను, నాకు అవి కాగితాల్లాంటివి, చదవడానికి.

ఇంగ్లిష్ తుపాకి మీద ఉన్నట్టు ప్రూఫ్ ముద్రలు అమెరికన్ తుపాకి మీద ఎందుకు లేవు?

ఇంగ్లండులోనూ బెల్జియంలోనూ ప్రభుత్వ నియమం ప్రకారం గొట్టాల్ని పరీక్షించి ముద్ర వేయాలి. అమెరికాలో అలాంటి చట్టం లేదు, ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంతంగా పరీక్షించుకునేది. కాబట్టి ముద్ర లేకపోవడం లోపం కాదు. ఉంటేనే అనుమానించాలి. గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారంలో "ఈ, ఎల్, జి" అక్షరాలు కనిపిస్తే అది లియేజ్ ముద్ర, పైన ఎంత అమెరికన్ పేరు రాసి ఉన్నా సరే.

సీరియల్ నంబరుంది. ఏ సంవత్సరమో ఎలా తెలుసుకోవాలి?

పార్కర్ అయితే అదృష్టవంతులు. కంపెనీ ఆర్డరు పుస్తకాలు కొంత ఖాళీలతో అయినా మిగిలాయి, పార్కర్ సేకర్తల సంఘం వాటిని చూసి ఉత్తరం రాసి పంపుతుంది. ఎల్.సి.స్మిత్ రికార్డులు వయోమింగ్‌లోని కోడీలో ఉన్న బఫెలో బిల్ మ్యూజియంలో ఉన్నాయి. కోల్ట్ వాళ్ళకి సొంత ఆర్కైవ్ ఉంది. అవును, రివాల్వర్ల కోల్టే, వాళ్ళు 1878లో హ్యామర్లున్న జోడు తుపాకి, 1883లో హ్యామర్లు లేనిది కూడా చేశారు, రెండోది మొత్తం 7 వేల పైచిలుకే.

ఉత్తరంలో ఏముంటుందంటే గేజ్, గొట్టాల పొడుగు, బట్ (భుజానికి ఆనించే చెక్క) కొలతలు, ఎవరికి ఏ తేదీన పంపారు, మళ్ళీ మరమ్మతుకి ఎప్పుడొచ్చింది, ఇవన్నీ. దాన్ని చేతిలో తుపాకి పక్కన పెట్టి ఒక్కో కొలతా పోల్చుకోవాలి. 30 అంగుళాల గొట్టాలతో పంపామని ఉత్తరంలో ఉండి చేతిలో ఉన్నది 26 అయితే మిగతా కథ మీకే అర్థమవుతుంది.

రికార్డులే లేని కంపెనీ అయితే?

ఇక్కడే మన పని మొదలవుతుంది. ముందు మరలు విప్పకుండా కనపడే ప్రతి అక్షరాన్నీ భూతద్దం, పక్క నుంచి టార్చి వెలుగు పెట్టి నోట్‌బుక్‌లో ఎక్కించండి. రిబ్బు మీద, ఫ్రేము మీద, గొట్టాల అడుగు కొక్కేల మీద, ముందు చెక్క ఇనుము లోపల. సీరియల్ ఇందులో చివరి మూడు చోట్లా ఒకటేనా చూడండి.

ఎక్కువగా దొరికేది పేటెంటు తేదీ, సగం అరిగిపోయి ఉంటుంది. దీనికి నేను వాడే ఉపాయం ఒకటి ఉంది. ఆ కాలంలోనూ ఇప్పుడూ అమెరికా పేటెంట్లు మంగళవారం నాడే జారీ అవుతాయి. బేకర్ మీది తేదీ నేను మొదట 1875 ఆగస్టు 21 అని చదివాను, మొదటి అంకె అరిగిపోయింది. క్యాలెండర్ తీస్తే ఆ రోజు శనివారం. 31 అయితే మంగళవారం. సరిపోయింది. తేదీ దొరికితే పేటెంటు దొరుకుతుంది, పేటెంటులో బొమ్మలు ఉంటాయి, ఏ ముక్క ఎందుకో కనిపెట్టినవాడే స్వయంగా రాసి ఉంటాడు. ఇవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం.

ఆ తర్వాత ఊరి డైరెక్టరీలు. అప్పట్లో ప్రతి పట్టణానికీ ఏటా ఒక పుస్తకం వచ్చేది, ఎవరు ఏ వీధిలో ఏ పని చేస్తారో అందులో ఉంటుంది. ఒక గన్‌స్మిత్ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఆ చిరునామాలో ఉన్నాడో చూస్తే, చిరునామా రాసున్న తుపాకి వయసు తేలిపోతుంది. ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్, అమెరికన్ ఫీల్డ్ లాంటి పాత వేట పత్రికల్లో ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు వెతకండి. కొత్త తుపాకి ఎలా ఉందని అప్పటివాళ్ళు రాసుకున్న తిట్లూ పొగడ్తలూ అక్కడే ఉన్నాయి. ఊరి చరిత్ర సంఘాలకి ఫోన్ చేయండి, పెద్దవాళ్ళు నడుపుతుంటారు, ఓపికగా చెప్తారు. వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో హోలెన్‌బెక్ అనే ఆయన మూడు గొట్టాల తుపాకుల కంపెనీ నడిపాడని నేను మొదట తెలుసుకున్నది అలాంటి ఒక సంభాషణలోనే.

కొనేటప్పుడు మొదట ఏం చూడాలి?

మూతి. నేను ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక అమ్మకంలో చాలా నచ్చిన హ్యామర్ తుపాకి కనిపించింది, చెక్కడం పని బాగుంది, చెక్క బాగుంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. ఆ టెన్షన్‌లో మూతి వైపు చూడనే లేదు. ఇంటికి తెచ్చి వెలుతురులో చూస్తే రెండు గొట్టాల మూతుల మధ్య పలుచటి సందు, అందులో కొత్తగా పోసిన టంకం. అసలు గొట్టాలు మూతి దగ్గరకొచ్చేసరికి దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. సందు ఉందంటే ఎవరో ఎప్పుడో కోసేశారు, చోక్ (మూతి దగ్గర గొట్టం లోపలి ఇరుకు) కూడా దాంతోనే పోయింది. అమ్మినవాళ్ళకి తెలుసో లేదో నాకు తెలియదు, చూసుకోవాల్సింది నేను.

తర్వాత ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ముందు చెక్క తీసేసి, తుపాకి మూసి పట్టుకుని మెల్లగా ఊపండి. గొట్టాలకీ ఫ్రేముకీ మధ్య కదలిక తెలిస్తే అరిగినట్టు. గొట్టాలు విడదీసి కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి వేలి కణుపుతో తట్టండి, గంటలా మోగాలి. "డబ్" మని చచ్చు చప్పుడు వస్తే రిబ్బు ఎక్కడో ఊడింది. గొట్టంలోంచి దీపం వైపు చూస్తే లోపల వెలుగు వలయాలు వరసగా ఉండాలి, ఒక చోట వంకర తిరిగితే అక్కడ నొక్కో ఉబ్బో ఉంది.

ఎల్.సి.స్మిత్ అయితే పక్క రేకుల వెనక చెక్కలో సన్నటి పగుళ్ళు చూడండి, దానికి అది పుట్టుకతో వచ్చిన బలహీనత. లెఫీవర్‌లో ఒక మంచి సంగతి ఉంది. గొట్టాలు మడిచే కీలు దగ్గర ఒక పెద్ద బంతి మర ఉంటుంది, అరుగుదల వస్తే దాన్ని కాస్త తిప్పి మళ్ళీ బిగించొచ్చు. ఎవరు తిప్పినా సరిగ్గా తిప్పారా లేదా అని ఆ మర గాడి చూస్తే తెలిసిపోతుంది. గాడి అంచులు చెదిరిపోయి ఉంటే అవగాహన లేని చేతులు పడ్డాయన్నమాట.

"వెల్స్ ఫార్గో" అని రాసున్న పొట్టి తుపాకి దొరికింది, కొననా?

వద్దు. వెల్స్ ఫార్గో అంటే పాతకాలంలో గుర్రపు బళ్ళలో డబ్బు చేరవేసిన కంపెనీ. ఆ అక్షరాలు తర్వాత కొట్టినవి లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. నకలు కాదని కాగితం మీద రుజువుంటే తప్ప ఆ పేరుకి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. పైగా గొట్టాలు 18 అంగుళాల కంటే పొట్టిగా ఉంటే అది ఫెడరల్ నేరం దాకా వెళ్ళే విషయం. 1898కి ముందుది కదా అనుకోవద్దు, దుకాణంలో దొరికే తూటా పట్టే తుపాకికి ఆ మినహాయింపు పనికిరాదు.

అమ్మేవాళ్ళు చెప్పే కథల్ని నమ్మొచ్చా?

కథ కొనొద్దు, తుపాకి కొనండి. కానీ కొన్ని కథలు నిజమవుతాయి కూడా. నాష్ బకింగ్‌హామ్ అనే వేట రచయిత దగ్గర బర్ట్ బెకర్ తీర్చిదిద్దిన పెద్ద ఫాక్స్ ఉండేది, దాని చప్పుడుని బట్టి "బో వూప్" అని పేరు. 1948 డిసెంబరులో ఆర్కన్సాలో బాతుల వేట నుంచి వస్తూ, లైసెన్సులు చూపించడానికి ఆగినప్పుడు కారు మడ్‌గార్డు మీద పెట్టి మర్చిపోయి బయల్దేరారు. అంతే, పోయింది. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత బట్ విరిగిన స్థితిలో బయటపడింది. అదే అని ఎలా తెలిసిందంటే గొట్టాల మీద ఆయన పేరు చెక్కి ఉంది. 2010లో వేలంలో 2 లక్షల డాలర్ల పైన పలికింది. అక్కడ కథని నిలబెట్టింది లోహం మీది అక్షరాలే, ఎవరి మాటా కాదు.

నల్లగా, మురికిగా ఉంది. పాలిష్ చేయించనా?

దయచేసి వద్దు. కాస్త నూనె, మెత్తటి గుడ్డ, అంతే. ఫ్రేము మీద ఊదా, నీలం, గోధుమ కలిసిన రంగులు కొద్దిగా మిగిలి ఉంటాయి, ఎముకల బొగ్గుతో కాల్చి తెచ్చిన రంగులవి. పాలిష్ చక్రం ఒక్కసారి తగిలితే ఆ రంగూ పోతుంది, అక్షరాల అంచులూ గుండ్రమవుతాయి. ఇక నా బోటివాడు చదవడానికి ఏమీ మిగలదు.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. కొనొచ్చా?

ఇది చాలామంది మనవాళ్ళు అడగకుండా చేసేస్తున్న తప్పు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 1898లోనో అంతకు ముందో తయారైనది అదే చట్టంలో యాంటిక్ కింద వస్తుంది, కానీ రాష్ట్రాల చట్టాలు వేరే, తూటాల సంగతీ వేరే. వీసా మీదకి వస్తుంది కాబట్టి ముందు లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా పేటెంట్లు, డైరెక్టరీలు, పాత పత్రికలు వెతుక్కోవచ్చు, నేను కూడా అయిదేళ్ళు అదే చేశాను. మొదటి తుపాకి కొనేనాటికి ఏది ఏదో నాకు బాగా తెలుసు.

ఇండియాకి ఒకటి తీసుకెళ్దామనుకుంటున్నా. మా తాతగారి జోడు తుపాకి కూడా ఊళ్ళో ఉంది.

తీసుకెళ్ళే ఆలోచన మానుకోండి. అటు ఎగుమతి నియమాలు, ఇటు దిగుమతి ఆంక్షలు, ఆయుధ చట్టం, అన్నీ అడ్డమే.

తాతగారిది వేరే విషయం. 1959 ఆయుధ చట్టం ప్రకారం దానికి లైసెన్సు ఉండి తీరాలి, ఆయన పోయాక వారసులు తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. బాగుచేసినా పేలనంత పాడైపోయిన పాతకాలపు ఆయుధానికి చట్టంలో మినహాయింపు ఉంది, కానీ అది అలాంటిదా కాదా అని మనమే తేల్చుకోకూడదు, అధికారులని అడగాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే మీ నాన్నగారికి చెప్పి గొట్టాల అడుగున ముద్రలు ఫోటో తీయించండి. మన జమీందార్ల ఇళ్ళకి వచ్చినవి ఎక్కువగా ఇంగ్లండువి, బర్మింగ్‌హామ్ ముద్ర ఉండొచ్చు, కలకత్తా మ్యాంటన్ కంపెనీ పేరూ ఉండొచ్చు. ముద్ర ఏమీ లేకుండా మెరిడెన్ అనో సిరక్యూస్ అనో కనిపిస్తే మాత్రం, ఆ ఫోటో నాకు వెంటనే పంపండి, ఏ టైమైనా సరే.